మబ్బుకో బెల్లం దిమ్మ

చెంగల్వకు వాళ్ళ తాతగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఎప్పుడూ తప్పు చేయరు.

ఇదేం ఫిర్యాదు అని మీకు అనిపించవచ్చు. అలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఉండి చూడండి, తెలుస్తుంది. తాతగారు గడప తట్టుకుంటే గడప ఎత్తు ఎక్కువ. పులిజూదంలో ఓడిపోతే గీసిన గీతలు వంకర. పులుసులో ఉప్పు చాల్లేదని ఆయన అన్నారంటే, చాలిందన్న మిగతావాళ్ళందరి నాలుకలూ పాడైపోయినట్టే. పెళ్ళయిన కొత్తలో ఆయన అత్తవారింటికని బయలుదేరి, పక్క వీధిలో ఎవరింటికో వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, పీట వాల్చుకుని కూర్చున్నారట. ఆ ఇంటివాళ్ళు బిత్తరపోయి చూస్తుంటే, "అల్లుడొస్తే ఇలాగేనా చూడడం?" అని వాళ్ళనే కోప్పడ్డారట. పాపం వాళ్ళు భయపడి భోజనం కూడా పెట్టారు.

ఆయన పేరు విఠలామాత్యుడు. పైడికోన రాజ్యానికి మంత్రి. చెంగల్వ అమ్మానాన్నలు సరిహద్దు కోటలో కొలువు చేస్తుంటే, చెంగల్వ మాత్రం తాతగారి దగ్గరా నాయనమ్మ నాంచారమ్మ దగ్గరా పెరిగింది. ఫిర్యాదు ఉన్నా, తాతయ్య పక్కన కూర్చోకపోతే ఆ పిల్లకు ముద్ద దిగేది కాదు. ఆయనకూ అంతే.

పైడికోనకు నాలుగు వైపులా కొండలు. ఏరు లేదు, కాలువ లేదు. ఉన్నదల్లా వాన. ఆ వానను తెచ్చేవాడు మొయిలన్న. ఊళ్ళో గొర్రెలకాపరి గొర్రెలను తోలుకొచ్చినట్టు, పడమటి గుట్ట మీద ఉండే మొయిలన్న చేతికర్రతో మబ్బులను తోలుకొచ్చేవాడు. ఆయన మనిషో, భూతమో, దేవుడో ఎవరికీ తెలియదు. ఎప్పుడూ తడిగా ఉండేవాడు. నడిచిన చోటల్లా నీళ్ళు కారేవి.

పూర్వం ఆయనకు కూలి లేదు. కోతలయ్యాక కళ్ళంలో ధాన్యం కొలిచినప్పుడు అందరితోపాటు ఆయనకూ ఒక పాలు తీసేవారు. పంట బాగా పండితే ఆయన పాలు పెరిగేది, ఎండితే తగ్గేది. అందుకని మొయిలన్న ఏ చేను పొట్టకొచ్చిందో, ఏ మడి బీటలు వారిందో గుట్ట మీంచి కళ్ళు చికిలించి చూసుకుంటూ ఉండేవాడు. పాలు తీసుకునే రోజున కిందికి దిగి, కళ్ళం చివర కూర్చుని, అందరితో కలిసి కొత్తబియ్యపు పరమాన్నం తినేవాడు.

విఠలామాత్యుడు మంత్రి అయ్యాక ఇదంతా ఆయనకు నచ్చలేదు. "పాలేమిటి, పరమాన్నమేమిటి! ఒప్పందమంటే నిక్కచ్చిగా ఉండాలి. మబ్బుకో బెల్లం దిమ్మ. ఎన్ని మబ్బులు తోలుకొస్తే అన్ని దిమ్మలు పొలిమేర బండ మీద పెట్టిస్తాం. ఏటికేడు లెక్క పెరగాలే తప్ప తగ్గకూడదు. కిందికి దిగి రావలసిన పని కూడా లేదు" అన్నారు. మొయిలన్న సరే అన్నాడు. ఇద్దరూ చేతిలో చెయ్యి వేసుకున్నారు.

పైడికోనలో ఒప్పందాలు రాసుకునే అలవాటు లేదు. చేతిలో చెయ్యి వేసి పైకి చెబితే అదే ఒప్పందం. దాన్ని చేతిమాట అనేవారు. చేతిమాట దాటినవాడి చెయ్యి కట్టెలా బిగుసుకుపోయేది. అందుకే ఆ ఊళ్ళో పాలు పోసేవాడు కూడా "రేపు పొద్దున్నే పోస్తాను" అనేవాడు కాదు. "పోస్తానులేమ్మా" అని ఊరుకునేవాడు.

మొదటి ఏడు మబ్బులు బాగా వచ్చాయి. మరుసటి ఏడు ఇంకా ఎక్కువ వచ్చాయి, కాస్త చిన్నవిగా. ఆపై ఏడు ఇంకా ఎక్కువ, ఇంకా చిన్నవి. చివరికి ఆకాశం నిండా పేలాలు చల్లినట్టు బుల్లి బుల్లి మబ్బులు. అందులో ఒక్కదానికీ చుక్క రాల్చే సత్తువ లేదు. ఎండ మాత్రం రానిచ్చేవి కావు. వాన లేక బావులు అడుగంటాయి, ఎండ లేక వడియాలు బూజుపట్టాయి. ఈ రెండూ ఒకేసారి జరగగలవని నాంచారమ్మ అంతకుముందు ఎన్నడూ అనుకోలేదు.

కొలువులో మాత్రం ఏటా సంబరమే. "ఈ ఏడు మబ్బులు నిరుటికి రెట్టింపు!" అని దండోరావాడు చాటేవాడు, సభలో అందరూ చప్పట్లు కొట్టేవారు. చిన్నవాడైన రాజు పులిందవర్మకు అనుమానం రాకపోలేదు. కానీ పసితనంలో తనను భుజాన ఎక్కించుకుని తిప్పిన మంత్రిగారితో ఆ మాట ఎలా అంటాడు? మిగతా కొలువుకు అంత ధైర్యమూ లేదు. ఇటు దిమ్మలు చాలక ఇంటింటికీ బెల్లం పన్ను వేశారు. పన్ను దిమ్మల లెక్కన కాబట్టి జనం దిమ్మలు చిన్నవి చేశారు. తర్వాత మట్టి కలిపారు. తీసుకునేవాడు లెక్కపెట్టేవాడే తప్ప కొరికి చూసేవాడు కాదు.

చివరికి ఊరబావిలో బురద తేలింది. స్వాతి కార్తె లోపల వాన పడకపోతే అందరూ కోన ఖాళీ చేసి కొండలు దాటాలని రాజు కన్నీళ్ళతో చాటింపు వేయించాడు.

"నేను రాను" అన్నారు తాతగారు. "ఇన్ని మబ్బులు పెట్టుకుని వాన పడకపోవడమేమిటి? పడి తీరాలి."

"ఆయన్ని వదిలి నేనెక్కడికి పోతాను?" అంది నాయనమ్మ, ఖాళీ కాగు బోర్లిస్తూ.

చెంగల్వ ఇద్దరి మొహాలూ చూసింది. ఊరు పోతే పోయింది, మరో ఊరు వస్తుంది. వీళ్ళిద్దరూ ఈ బురదబావి పక్కన మిగిలిపోతే?

"తాతయ్యా, నేను మొయిలన్న దగ్గరికి వెళ్ళొస్తాను" అంది.

"వెళ్ళు. చేతిమాట ప్రకారం నడుచుకోమని చెప్పు. ఒప్పందంలో లోపం లేదు, అతనిలోనే ఉంది" అన్నారు తాతగారు. అంటూనే మనవరాలి చెప్పుల వార్లు వంగి స్వయంగా బిగించారు. నాయనమ్మ పేలపిండి మూట కట్టి, కొప్పులో దువ్వెన గుచ్చి, చెంగల్వను పంపింది.

కొండ ఎక్కగానే ఇరుకు కనుమ వచ్చింది. రెండు బండల మధ్య మనిషి పట్టేంత సందు. ఆ సందులో ఏనుగంత మూట ఒకటి ఇరుక్కుని ఉంది. దాని ముందు ఒక ఎలుగుబంటి తల పట్టుకుని కూర్చుంది.

"ఏమైంది మామా?" అంది చెంగల్వ.

"ఏమవ్వాలి! ఈ కనుమకు కాపలా నేను. మూటకో తేనెపట్టు ముక్క సుంకం. బాగానే ఉండేది. తర్వాత ఈ వర్తకులు రెండు మూటలు ఒకటి చేశారు. ఆపైన నాలుగు ఒకటి చేశారు. ఇప్పుడు ఊరందరి సరుకూ కలిపి ఒకే మూట కట్టారు. ఒక్క ముక్క చేతిలో పెట్టి, మూట ఇక్కడ ఇరికించి, అవతల నిలబడి నన్ను తిడుతున్నారు" అంది ఎలుగుబంటి.

"లాగవయ్యా మొద్దు ఎలుగూ!" అని మూట అవతలి నుంచి ఎవరో అరిచారు.

"విన్నావా?" అంది ఎలుగుబంటి, కళ్ళు తుడుచుకుంటూ. "నా పిల్లలు కూడా అటువైపే ఉన్నారు."

చెంగల్వకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. "మూటలు లెక్కపెట్టకు మామా. మనిషికింత అని తీసుకో. అప్పుడు మూటలు కలపడం వల్ల వాళ్ళకి ఒరిగేదేమీ ఉండదు. బండకు రాసుకునేంత పెద్ద మూట తెచ్చినవాడి దగ్గర మాత్రం రెండింతలు తీసుకో."

ఎలుగుబంటి గోళ్ళతో గడ్డం గోక్కుంది. "మరి మనుషులందరూ కలిసి ఒకే మనిషిగా కట్టుకుని వస్తేనో?"

"రారు. వాళ్ళలో వాళ్ళకి అంత పొత్తు లేదు" అంది చెంగల్వ.

ఆ మాట నిజమని అవతలి నుంచి వినిపిస్తున్న తగువులాటే చెబుతోంది. ఎలుగుబంటి గోళ్ళతో మూట చీల్చింది. సరుకంతా చిన్న చిన్న మూటలై దాటిపోయింది. పిల్లలొచ్చి ఎలుగుబంటిని కావలించుకున్నాయి. చెంగల్వ సుంకం ఇవ్వబోతే ఎలుగుబంటి వద్దంది. పైగా తానే ఒక తేనెపట్టు ముక్క ఎదురిచ్చింది.

కొండ అవతలికి దిగితే పెద్ద వాగు. ఒడ్డున ఒక రాక్షసి మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. గడ్డివామంత జుట్టు. అందులో పుల్లలు, ఆకులు, రెండు పిట్టగూళ్ళు.

"అత్తా, వాగు దాటిస్తావా?"

రాక్షసి ఉలిక్కిపడింది. "నన్ను చూసి అత్తా అన్నది నువ్వొక్కదానివే. దాటిస్తాను గానీ ముందు కూలి ఇవ్వు."

"ముందిస్తే నడివాగులో నిలబడి ఇంకా ఇమ్మంటావని విన్నాను."

"అంటాను మరి! ఒడ్డు చేరాక ఇస్తామన్నవాళ్ళంతా ఒడ్డు తగలగానే పరుగో పరుగు. నాకు నడుం నొప్పి, వెంటపడలేను. ముందే తీసుకుంటేనేమో, ఈ నాలుగు గింజలకు నడుం ఎందుకు విరగ్గొట్టుకోవాలి అని నాకే అనిపిస్తుంది. ఇప్పుడు ఎవరూ రావడమే మానేశారు. వాళ్ళకి వాగు దాటడం లేదు, నాకు తిండి లేదు" అంటూ రాక్షసి ముక్కు చీదింది. ఆ చప్పుడుకి పిట్టలు గూళ్ళలోంచి ఎగిరిపోయాయి.

చెంగల్వ ఆలోచించింది. ఇవ్వడానికి తన దగ్గర పెద్దగా ఏమీ లేదు. కొప్పులోంచి దువ్వెన తీసింది. "నీకు జడ వేస్తాను అత్తా. సగం ఇక్కడ, సగం అవతలి ఒడ్డున. నేను పారిపోతానని భయమైతే నా ఒక చెప్పు నీ చెవికి తగిలించుకో. ఈ ముళ్ళదారిలో ఒంటి చెప్పుతో నేనెక్కడికీ పోలేను."

రాక్షసి ఆ దువ్వెన వైపే చూసింది. "నాకు జడ వేసి... మా అమ్మ పోయాక ఎవరూ..." అని ఆగిపోయింది.

చెంగల్వ బండెక్కి నిలబడి, చిక్కులు తీసి, పిట్టగూళ్ళను పదిలంగా పక్కకు పెట్టి, ఎడమవైపు జడ అల్లింది. రాక్షసి పిల్లను భుజాన ఎక్కించుకుని వాగులో దిగింది. నడివాగుకు రాగానే అలవాటు కొద్దీ ఆగింది. కిందికి చూసింది. నీళ్ళలో తన నీడ కనిపించింది, ఒకవైపు నున్నటి జడ, రెండోవైపు గడ్డివాము. చెయ్యెత్తి జడను ఒకసారి తడుముకుంది. ఏమీ అనకుండా గబగబా నడిచి ఒడ్డెక్కింది.

రెండో జడ పూర్తయ్యాక చెప్పు తిరిగి ఇస్తూ, "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అంది రాక్షసి.

"చిక్కుపడ్డప్పుడు" అంది చెంగల్వ.

అక్కడి నుంచి మొయిలన్న గుట్ట కనిపిస్తూనే ఉంది. ఎక్కుతుంటే కాళ్ళు అంటుకుపోయాయి. గుట్టంతా పాకం! మొయిలన్న ఒంటి తడికి బెల్లమంతా కరిగి, మట్టితో కలిసి, రాళ్ళ మీదుగా జారుతోంది. దాని వెంట చీమలబారులు. ఆ బురద మధ్యలో ఒక తడిసిన ముసలాయన, దూది ఏకే విల్లుతో ఒక పెద్ద నల్లమబ్బును ఏకి, చిన్న చిన్న తునకలు చేస్తున్నాడు. విల్లు ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టెలా బిగుసుకుపోయి ఉంది. తునక విడిపోయినప్పుడల్లా నల్లమబ్బు దూడను విడదీసిన ఆవులా లోపల్లోపల అంబా అని గొణుగుతోంది.

"ఊరుకోవే తల్లీ, ఊరుకో. ఇంకొక్కటే" అంటూ మొయిలన్న ఏడుస్తున్నాడు.

చెంగల్వ తాతగారు చెప్పమన్న మాట చెబుదామనే వచ్చింది. ఆ చెయ్యి చూశాక నోరు రాలేదు. "ఎందుకు తాతా ఇలా చేస్తున్నావు?" అంది.

"మీ విఠలయ్య లెక్క అడిగాడమ్మా. మొదటి ఏడు బెల్లం చూసి నాకూ ఆశ పుట్టింది, అబద్ధం చెప్పను. ఎక్కువ తోలాను. మరుసటి ఏడు అంతకన్నా పెరగాలాయె. సముద్రం ఇచ్చే నీళ్ళు ఎప్పుడూ అంతే గదా, లెక్క పెరగాలంటే కొయ్యక ఏం చేస్తాను? ఒకసారి పాపమనిపించి ఈ తల్లిని కొయ్యకుండా వదిలేశాను. అంతే, చెయ్యి పోయింది. ఇప్పుడు పెద్దమబ్బును తోలే కర్ర పట్టుకోలేను. మీ బెల్లంలో మట్టి, నా మబ్బులో గాలి. ఇద్దరమూ లెక్క తప్పలేదు, చూశావా!" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఆ మాట తీసేసే దారి లేదా?"

"ఉంది. మాట పెట్టినవాడే నా ఎదురుగా నిలబడి, అది నా తప్పు అని నోరు తెరిచి చెప్పాలి. మనసులోంచి చెప్పాలి. మీ తాత సంగతి నీకు నేను చెప్పాలా? చిన్నప్పుడు ఈ గుట్ట మీద మబ్బుదూడల మీంచి జారి పడితే, దూడదే తప్పనేవాడు."

"మీరిద్దరూ స్నేహితులా?" చెంగల్వ నోరు తెరిచింది. తాతగారు ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు.

"అనుకునేవాణ్ణి. కిందికి రావద్దన్నాడు గదా. నేనంటే అసహ్యం పుట్టిందేమో. తడిమనిషిని" అని మొయిలన్న మొహం తిప్పుకున్నాడు.

చెంగల్వ బతిమాలి ఆయన్ని కిందికి రావడానికి ఒప్పించాక, ఇద్దరూ మిగిలిన తునకలను దగ్గరగా కుట్టినట్టు అతికి, ఆ అతుకుల మబ్బు మీద కూర్చుని కోనకు దిగారు. దారి పొడవునా చెంగల్వ మనసులో ఒక ధీమా పెరుగుతూ వచ్చింది. ఎలుగుబంటి చిక్కు తీరింది, రాక్షసి చిక్కు తీరింది. ఎవరికి ఏది కావాలో చూసి ఏర్పాటు చేస్తే కానిపని లేదు. తాతయ్య మాత్రం అందుకు వేరా?

కొలువులో మొయిలన్న బిగిసిన చెయ్యి చూసి అందరూ నిశ్చేష్టులయ్యారు. తాతగారు ఒక్క క్షణం ఆ చెయ్యి వైపు చూసి, చప్పున చూపు మరల్చుకున్నారు.

"తాతయ్యా, తప్పని ఒక్కసారి చెప్పు. వాన పడుతుంది" అంది చెంగల్వ.

"చెప్పడానికేముంది? ఆనాటి పరిస్థితులు వేరు" అన్నారు తాతగారు. మొయిలన్న చెయ్యి కదల్లేదు. "అది అందరం కలిసి తీసుకున్న నిర్ణయం" అన్నారు. అందరూ ఎటో చూశారు. చెయ్యి కదల్లేదు. "లెక్కపెట్టే ఉద్యోగులు కొరికి చూసుంటే ఇంతదాకా వచ్చేదే కాదు" అన్నారు. ఉద్యోగులు నేల చూపులు చూశారు. చెయ్యి కదల్లేదు.

అప్పుడు చెంగల్వ రాజు చెవిలో ఏదో చెప్పింది. రాజు తలూపి, లేచి నిలబడి, తన తప్పును ఒప్పుకునే మంత్రికి జరీ శాలువా, మహామంత్రి బిరుదూ ఇస్తానని సభలో ప్రకటించాడు. తాతగారి కళ్ళు శాలువా మీద ఒక్క క్షణం నిలిచాయి. గొంతు సవరించుకుని, చెయ్యెత్తి, సభంతా మారుమోగేలా, "తప్పే! అది నా తప్పే!" అన్నారు.

సభ చప్పట్లతో దద్దరిల్లింది. శాలువా కప్పారు. అందరూ మొయిలన్న చెయ్యి వైపు తిరిగారు.

చెయ్యి కట్టెలాగే ఉంది.

"ఇది శాలువా అన్న మాటమ్మా. ఆయన అన్నది కాదు" అన్నాడు మొయిలన్న మెల్లగా.

తాతగారి మొహం పాలిపోయింది. శాలువా తీసి సింహాసనం మెట్టు మీద పెట్టి, ఇంటికి నడిచారు. అంత మెల్లగా ఆయన నడవడం చెంగల్వ ఎప్పుడూ చూడలేదు.

వెనకే పరుగెత్తింది. తాతగారు పెరట్లో ఎండిపోయిన కరివేపచెట్టు పక్కన రాతిపలక మీద కూర్చుని ఉన్నారు. ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు కాలిబొటనవేలితో నేల గీసింది.

"తాతయ్యా, నేను తప్పు చేశాను. నీ మాటను శాలువాకి బేరం పెట్టాను. అందరి ముందు నిన్ను చిన్నబుచ్చాను. ఆశ చూపిస్తే ఎవరి చేత ఏమైనా అనిపించవచ్చనుకున్నాను."

ఆయన తలెత్తి ఆ పిల్లవైపు చూశారు. "ఇంత తేలిగ్గా ఎలా అనేశావే ఆ మాట?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది.

"తేలిగ్గా ఏమీ లేదు. వీధి పొడవునా ఆ మాటే నములుతూ వచ్చాను. అన్నాక తేలికైంది."

తాతగారు చిన్నగా నవ్వి, అంతలోనే నవ్వు మానేశారు. "ఒక ఏడు మొయిలన్న కళ్ళంలో ఆనందం పట్టలేక రాశి చుట్టూ చిందులేశాడు. ధాన్యమంతా తడిసింది. ముక్కిపోయి మొలకెత్తేసింది. ఆ చలికాలం పిల్లలు గంజి తాగి గడిపారు. మీ నాన్న అప్పుడు చిన్నవాడు, వాడూ తాగాడు. మొయిలన్నను ఇక రానివ్వకూడదనుకున్నాను. కానీ, 'కాస్త ఎడంగా కూర్చోవయ్యా' అని స్నేహితుడి మొహం మీద చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఒక్క మాట చెప్పలేక ఇంత పెద్ద ఒప్పందం చేశానే! లెక్కలు చెప్పడం సులువు. అతని మొహం చూడనక్కర్లేదు గదా."

చెంగల్వ దొడ్డివాకిలి వైపు చూసింది. తాతగారూ అటు చూశారు.

వాకిలి బయట మొయిలన్న నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. అలికిన పెరడు తడిసిపోతుందని, గడపకు బారెడు దూరంలో, కారుతున్న నీళ్ళను ఎడమ అరచేతిలో పట్టుకుంటూ నిలబడ్డాడు. అరచెయ్యి నిండి పొర్లుతుంటే మళ్ళీ మళ్ళీ పక్కకి ఒంపుతున్నాడు.

తాతగారు లేచారు. గడప దాటి వెళ్ళి, ఆ కట్టెచెయ్యిని రెండు చేతులతో పట్టుకున్నారు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్ళీ కదిలాయి.

"తప్పు నాది మొయిలూ" అన్నారు, వెనకే వచ్చిన చెంగల్వకు కూడా కష్టంగా వినబడేంత మెల్లగా. "నువ్వు తడిమనిషివని కాదు. నీకు చెప్పే ధైర్యం నాకు లేక."

ఆ చేతిలో ముందు చూపుడువేలు కదిలింది. తర్వాత మిగతావి. మొయిలన్న చెయ్యెత్తి, ఎన్నో ఏళ్ళ తర్వాత వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. ఆకాశమంతా చెదిరి ఉన్న బుల్లిమబ్బులు చెవులు రిక్కించినట్టు ఆగాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడమటికి పరుగెత్తాయి. గుట్ట మీది నల్లమబ్బు ఎదురొచ్చి వాటిని కడుపులోకి తీసుకుంది. అది అరిచిన అరుపుకు కోనలోని తలుపులన్నీ అదిరాయి. వాన దిగింది.

ఆ తర్వాతి సంగతులన్నీ మంచివే. రాజు తడుస్తూనే పరుగెత్తుకొచ్చి బెల్లం పన్ను ఎత్తేశాడు. మొయిలన్నకు మళ్ళీ పంటలో పాలు ఇచ్చారు. కళ్ళానికి ఎడంగా, గాలివాటుకు, ఆయనకంటూ ఒక పందిరి వేశారు. ఎందుకు ఎడంగా వేశారో ఈసారి మొహం మీదే చెప్పారు. ఆయన పడీ పడీ నవ్వి, చిందులు పందిట్లోనే వేస్తానన్నాడు. ఎలుగుబంటి పిల్లలతో వచ్చింది. రాక్షసి రెండు జడలతో వచ్చి పరమాన్నం కాగు కాగంతా తాగింది. చెంగల్వ పెద్దదయ్యాక పైడికోనకు మంత్రి అయింది, ఒప్పందం ఏదైనా ముందు ఎదుటివాడి మొహం చూసి మాట్లాడేది.

కానీ అవన్నీ జరగడానికి ముందు, ఆ వానలో, ఆ పెరట్లో ఒక చిన్న ముచ్చట జరిగింది.

వంటింటి గుమ్మంలో నాంచారమ్మ చేతిలో గరిటెతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఆవిడకే తెలియాలి.

"ఏవండీ, ఇందాక ఆ గడప అవతల ఏదో అన్నారు. ఈ ఉరుముల్లో నాకు సరిగ్గా వినబడలేదు" అంది.

తాతగారు వెనక్కి తిరిగారు. జుట్టంతా మొహం మీద అతుక్కుపోయి ఉంది. మొయిలన్న వైపు చూశారు, మనవరాలి వైపు చూశారు. గుండె నిండా గాలి పీల్చుకుని, ఉరుమును మించిన గొంతుతో, వీధి వీధంతా ఉలిక్కిపడేలా అరిచారు:

"తప్పు నాది అన్నాను, నాంచారూ! తప్పు నాదే!"